చర్మంపై ఎర్రమచ్చలు – లేజర్ చికిత్స: పదం, కారణం, వైద్యం

సంగ్రహం:
పుట్టుకతో వచ్చే ఎర్రని మచ్చలను, ముఖంపై బయటికి కనిపించే సన్నని రక్తనాళాలను తెలుగు వ్యవహారం చాలావరకు ‘మచ్చ’ అన్న ఒక్క మాటతోనే సూచిస్తుంది. వైద్యశాస్త్రం వీటిని కారణంలోను, కాలక్రమంలో వచ్చే మార్పులలోను, చికిత్సలోను వేరువేరుగా చూస్తుంది. ఈ మచ్చల ప్రధాన భేదాలను, పోర్ట్‌వైన్ మచ్చకు జన్యుశాస్త్రం కనుగొన్న కారణాన్ని, లేజర్ కాంతి చర్మానికి హాని కలగకుండా రక్తనాళాన్ని మూసివేసే విధానాన్ని, భారతీయుల చర్మవర్ణం దృష్ట్యా పాటించవలసిన జాగ్రత్తలను, చికిత్స పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. మచ్చకు తల్లిని బాధ్యురాలిని చేసే నమ్మకం నిరాధారమని, మచ్చను సకాలంలో సరిగా గుర్తించడమే వైద్యంలో మొదటి మెట్టని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పుట్టుమచ్చ, పోర్ట్‌వైన్ మచ్చ, రక్తనాళాలు, హీమోగ్లోబిన్, మెలనిన్, లేజర్, గ్రహణం, దోహదం.

1. ప్రవేశిక:
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో పదవ తరగతి ధ్రువపత్రంలో విద్యార్థి గుర్తింపు చిహ్నాలుగా పుట్టుమచ్చలను నమోదు చేయడం చిరకాలంగా ఉన్న పద్ధతి. అక్కడ పుట్టుమచ్చ మనిషిని పోల్చుకొనే ఆనవాలు. మచ్చ ఉన్న చోటును బట్టి శుభాశుభాలు చెప్పే పుట్టుమచ్చల శాస్త్రమూ ప్రజావ్యవహారంలో ఉంది. కానీ చెంపను, నుదుటిని ఎర్రగా కప్పివేసే మచ్చ ఆనవాలుగా మాత్రమే మిగలదు. చూసేవారి చూపులో, బడిలో తోటిపిల్లల పిలుపులో, పెళ్లిసంబంధాల మాటలలో అది మనిషి వెంట నడుస్తుంది.

దేశాధినేతలకూ ఈ ఇబ్బంది తప్పలేదు. సోవియట్ యూనియన్ చివరి అధినేత మిఖాయిల్ గోర్బచేవ్ నుదుటిపైన, తలపైన ఉన్న ఎర్రని మచ్చను ప్రపంచమంతా ఎరుగును. ఆయన పదవిలోకి వచ్చిన తొలిరోజులలో కొన్ని అధికారిక చిత్రాలను ఆ మచ్చ లేకుండా దిద్ది ప్రచురించారు. ఆ మచ్చను వైద్యులు పోర్ట్‌వైన్ మచ్చ అంటారు. పోర్చుగల్ దేశపు ఎర్రని ద్రాక్షాసవం ఒలికినట్లు కనిపించడం వల్ల ఆ పేరు వచ్చింది. ఈ వ్యాసానికి కేంద్రం ఈ రకం మచ్చే. దీనితో కలిపి పొరబడే ఇతర ఎర్రమచ్చలు, ముఖంపై పైకి తేలిన రక్తనాళాలు కూడా పరిశీలనలోకి వస్తాయి.

2. మాటలలో మచ్చ – తల్లిపై మోపిన నింద:
మచ్చకు పెట్టిన పేర్లలో దాని కారణాన్ని గురించిన సమాజపు ఊహ దాగి ఉంటుంది. జర్మన్ భాషలో పుట్టుమచ్చను ‘ముట్టర్‌మాల్’ అంటారు. దాని అర్థం తల్లి మచ్చ. డచ్ భాషలోని ‘మూడర్‌ఫ్లెక్’ అన్న మాటకూ అదే అర్థం. పుట్టుమచ్చకు ఫ్రెంచి భాషలో ‘ఆంవీ’, ఇటాలియన్‌లో ‘వోల్యా’, స్పానిష్‌లో ‘అంతోహో’ అన్న పేర్లున్నాయి. ఈ మూడింటికీ కోరిక అని అర్థం. గర్భవతి కోరినది దొరకకపోతే ఆ కోరిక బిడ్డ చర్మంపై మచ్చగా తేలుతుందన్న నమ్మకం నుంచి ఈ పేర్లు పుట్టాయి.

భారతీయ సంప్రదాయంలో ఈ భావనకు దగ్గరి మాట ‘దోహదం’. ఇప్పుడు తోడ్పాటు అన్న అర్థంలో వాడుతున్న ఈ పదానికి గర్భిణి కోరిక అన్నది ప్రాచీనార్థం. గర్భిణి కోరికను తీర్చకపోతే శిశువుకు అంగవైకల్యం కలుగుతుందన్న భావన సుశ్రుతసంహిత శారీరస్థానంలో కనిపిస్తుంది. తెలుగునాట ఈ నింద మరో రూపం ధరించింది. గ్రహణ సమయంలో గర్భిణి కదిలినా, కత్తిపీట ముట్టినా, ఒళ్లు గోక్కున్నా బిడ్డకు మచ్చో మొర్రో వస్తుందని పెద్దలు చెబుతారు. చీలిన పెదవికి ‘గ్రహణం మొర్రి’ అన్న పేరు స్థిరపడింది కూడా. ఐరోపా మాటలలో కోరిక, తెలుగు మాటలలో గ్రహణం కారణాలయ్యాయి. రెండుచోట్లా బాధ్యత మాత్రం తల్లిదే అయింది.

అదే సుశ్రుతసంహితలో దీనికి భిన్నమైన దృష్టి కూడా ఉంది. నిదానస్థానంలో క్షుద్రరోగాలను వివరించేటప్పుడు చర్మంపై కనిపించే గుర్తులను ఆకారాన్ని, రంగును బట్టి విడదీశారు. నువ్వుగింజంత నల్లని మచ్చను తిలకాలకమని, మినపగింజలా ఉబికినదాన్ని మషకమని, పుట్టుకతో వచ్చి కొంచెం ఎర్రగా, నునుపుగా ఉండేదాన్ని జతుమణి అని వేరుచేశారు. ప్రాచీన పదాలను నేటి వ్యాధినామాలతో నేరుగా సమానం చేయడం సరికాదు. అయితే అన్ని మచ్చలూ ఒకటి కావన్న వివేకం ఆ విభజనలో స్పష్టంగా ఉంది. ఆధునిక వైద్యానికీ ఆ వివేకమే మొదటి మెట్టు.

3. ఎర్రమచ్చల భేదాలు:
మామూలు పుట్టుమచ్చలో రంగునిచ్చే కణాలు ఒకచోట గుమికూడి ఉంటాయి. ఎర్రమచ్చలో రంగునిచ్చేది రక్తం. పారదర్శకమైన గాజుపలకతో మచ్చను నొక్కినప్పుడు రక్తం పక్కకు జరిగి ఎరుపు తగ్గితే, అది రక్తనాళాలకు సంబంధించినదని వైద్యులు ప్రాథమికంగా గుర్తిస్తారు. ఛాయ తక్కువైన చర్మంపై ఇలాంటి మచ్చ ఎర్రగా కాక ముదురు ఊదాగానో, గోధుమ కలిసిన ఎరుపుగానో కనిపించవచ్చు. తెలుగు కుటుంబాలలో ఈ మచ్చలు మామూలు పుట్టుమచ్చలుగా పొరబడడానికి ఇదొక కారణం.

3.1. తాత్కాలికమైన లేత ఎరుపు మచ్చలు:
అప్పుడే పుట్టిన శిశువుల కనురెప్పలపైన, కనుబొమల నడుమ, మెడ వెనుక లేత గులాబీ రంగు మచ్చలు తరచుగా కనిపిస్తాయి. ముఖంపై ఉన్నవి సాధారణంగా ఏడాది, రెండేళ్లలో వెలిసిపోతాయి. మెడ వెనుకవి కొందరిలో మిగిలిపోయినా హాని చేయవు. వీటికి చికిత్స అవసరం లేదు.

3.2. శైశవ రక్తనాళ గడ్డలు:
వైద్యులు హీమాంజియోమా అని పిలిచే ఈ గడ్డలు పుట్టిన కొన్ని వారాలలో బయటపడి, మొదటి మూడు నుంచి ఐదు నెలలలో వేగంగా పెరుగుతాయి. తరువాత మెల్లగా కుంచించుకుపోతాయి. నెలలు నిండకుండా పుట్టినవారిలోను, ఆడశిశువులలోను ఇవి ఎక్కువ. చాలావాటికి పరిశీలన చాలు. కంటికి దగ్గరగా ఉన్నది చూపును అడ్డుకోవచ్చు. గడ్డం చుట్టూ విస్తరించినది శ్వాసమార్గంలోనూ ఉండే అవకాశం ఉంది. పుండుపడేవి, శరీరంపై ఐదు లేదా అంతకు మించి ఉన్నవి కూడా పరీక్షించవలసినవే. ఇటువంటివాటిని ఒక నెల వయసు నాటికే నిపుణులకు చూపడం మంచిది.

వీటికి ప్రధాన చికిత్స లేజర్ కాదు. గుండెజబ్బులకు వాడే ప్రొప్రనొలాల్ అనే మందుతో ఈ గడ్డలు తగ్గుతాయని ఫ్రాన్స్‌లోని బోర్డో నగర వైద్యులు గమనించి 2008లో ప్రకటించారు. అప్పటి నుంచి చికిత్స విధానమే మారిపోయింది. గుండె వేగాన్ని, రక్తంలో చక్కెరను ఈ మందు తగ్గించగలదు. కాబట్టి దీన్ని వైద్యుల పర్యవేక్షణలోనే ఇవ్వాలి. గడ్డ కుంచించుకుపోయాక మిగిలే ఎర్రదనానికి లేజర్ ఉపకరిస్తుంది.

3.3. పోర్ట్‌వైన్ మచ్చ:
ఇది పుట్టిననాడే ఉంటుంది. నవజాతశిశువులలో వెయ్యికి సుమారు ముగ్గురిలో కనిపిస్తుంది. గడ్డలాగా వేగంగా పెరగదు, వెలిసిపోదు. బిడ్డ ఎదిగేకొద్దీ అదే నిష్పత్తిలో విస్తరిస్తుంది. చిన్ననాడు గులాబీ రంగులో చదునుగా ఉన్న మచ్చ నడివయసు నాటికి ముదురు ఊదాగా మారి, కొందరిలో దళసరి అవుతుంది, బుడిపెలు తేలుతుంది. వాటికి చిన్న దెబ్బ తగిలినా రక్తం కారవచ్చు. పెద్దయ్యాక అదే పోతుందన్న ఓదార్పు హీమాంజియోమా విషయంలో చాలావరకు నిజం. పోర్ట్‌వైన్ మచ్చ విషయంలో అది నిజం కాదు. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలవడం వల్ల కలిగే నష్టం ఇక్కడే ఉంది.

నుదుటిపై, పైకనురెప్పపై ఉన్న పోర్ట్‌వైన్ మచ్చను మరింత శ్రద్ధతో చూడాలి. కొందరిలో దీనికి మెదడుపొరలలోని రక్తనాళాల లోపం, నీటికాసులు అని పిలిచే గ్లాకోమా తోడవుతాయి. మూర్ఛలు రావచ్చు. విలియం అలెన్ స్టర్జ్ 1879లో ఇలాంటి లక్షణాలున్న బాలికను వర్ణించారు. ఫ్రెడరిక్ పార్క్స్ వెబర్ 1922లో మెదడులోని మార్పులను ఎక్స్‌రే ద్వారా చూపారు. వారి పేర్లతోనే దీన్ని స్టర్జ్-వెబర్ సిండ్రోమ్ అంటున్నారు. ముఖంపై మచ్చ ఉన్నవారందరికీ ఇది ఉండదు. అయితే నుదుటిపై మచ్చతో పుట్టిన ప్రతి శిశువుకూ కంటిపరీక్ష జరగాలి. గ్లాకోమా వల్ల పోయిన చూపు తిరిగి రాదు.

3.4. పైకి తేలిన రక్తనాళాలు:
బుగ్గలపైన, ముక్కు పక్కల దారాల్లా కనిపించే సన్నని ఎర్రని నాళాలను వైద్యపరిభాషలో ‘టెలాంజియెక్టేషియా’ అంటారు. తెలుగు చెవికి ఈ మాట తెలంగాణను స్ఫురింపజేసినా ఆ రెండింటికీ సంబంధం లేదు. చివర, నాళం, వ్యాకోచం అన్న అర్థాలు గల మూడు గ్రీకు మాటల కలయిక ఇది. దీర్ఘకాలపు ఎండ, వయసు, రొజేషియా అనే చర్మవ్యాధి వీటికి సాధారణ కారణాలు. సాలీడు కాళ్లలా విస్తరించిన నాళాలు ఎక్కువ సంఖ్యలో కొత్తగా కనిపిస్తే కాలేయ పరీక్ష అవసరం కావచ్చు. గర్భిణులలో ఇలాంటివి వచ్చి ప్రసవం తరువాత తగ్గడం కూడా ఉంది.

భారతదేశంలో మరో ముఖ్యమైన కారణం స్టిరాయిడ్ పూతమందుల దుర్వినియోగం. రంగు తేలడానికో, మొటిమలకో మందులదుకాణంలో కొనుక్కొని నెలల తరబడి ముఖానికి రాసుకొంటే చర్మం పలచబడి, లోపలి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2018లో పలు స్టిరాయిడ్ పూతమందులను వైద్యుల చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితాలో చేర్చింది. ఇలాంటి ముఖానికి లేజర్ తొలి చికిత్స కాదు. ముందుగా వైద్యుల సలహాతో ఆ పూతను మాన్పించి, చర్మం కోలుకొన్నాక మిగిలిన నాళాలకే లేజర్ గురించి ఆలోచించాలి.

4. కారణం – జన్యుశాస్త్రం ఇచ్చిన సమాధానం:
పోర్ట్‌వైన్ మచ్చకు ప్రధాన కారణాన్ని అమెరికా పరిశోధకులు 2013లో ప్రకటించారు. మచ్చ ఉన్న చర్మంలోని కణాలను, మచ్చ లేని కణాలతో పోల్చి చూసినప్పుడు ‘జీఎన్ఏక్యూ’ అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారినట్లు తేలింది. స్టర్జ్-వెబర్ సిండ్రోమ్ ఉన్నవారిలోను, కేవలం పోర్ట్‌వైన్ మచ్చ మాత్రమే ఉన్నవారిలోను అత్యధికులలో ఈ మార్పు కనిపించింది.

ఈ మార్పు తల్లి అండంలోనో, తండ్రి బీజంలోనో ఉన్నది కాదు. ఫలదీకరణ జరిగిన తరువాత, పిండంలోని కణాలు విభజన చెందుతున్నప్పుడు ఏదో ఒక కణంలో యాదృచ్ఛికంగా ఏర్పడుతుంది. ఆ కణం నుంచి పుట్టిన కణాలు చేరిన చోటనే రక్తనాళాలు క్రమంగా వెడల్పవుతాయి. మచ్చ శరీరమంతటా కాక ఒక భాగానికే పరిమితం కావడానికి కారణం ఇదే. ఇది సాధారణంగా వంశపారంపర్యంగా సంక్రమించదు. తల్లి తిన్నది, తినాలనుకొన్నది, గ్రహణం నాడు చేసినది ఈ మార్పుకు కారణం కాదు. పెక్కు భాషలు తమ పదాలలో తల్లిపై మోపిన నిందకు ప్రయోగశాల ఇచ్చిన జవాబు ఇది.

5. లేజర్ పనిచేసే విధానం:
ప్రేరిత ఉద్గారమనే సూత్రాన్ని ఐన్‌స్టీన్ 1917లో ప్రతిపాదించారు. థియొడోర్ మైమన్ 1960లో కాలిఫోర్నియాలో తొలి రూబీ లేజర్‌ను పనిచేయించారు. కొద్దికాలానికే సిన్సినాటి నగరంలోని చర్మవైద్యులు లియోన్ గోల్డ్‌మన్ దానిని చర్మంపై ప్రయోగించి పరిశీలించారు. తరువాత పోర్ట్‌వైన్ మచ్చలకు ఆర్గాన్ లేజర్‌ను వాడారు. మచ్చ కొంత వెలిసినా, చుట్టూ ఉన్న చర్మం కూడా కాలి గాయపు మచ్చలు మిగిలిన సందర్భాలు ఎక్కువయ్యాయి. ఎర్రమచ్చను పోగొట్టి తెల్లని గాయపు మచ్చను ఇచ్చే చికిత్స ప్రయోజనం పరిమితమే.

పరిష్కారానికి సిద్ధాంత భూమికను రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ 1983లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. వారి సూత్రం సారాంశం ఇది: తగిన రంగు గల కాంతిని, తగినంత శక్తితో, తగినంత తక్కువ కాలం ప్రసరింపజేస్తే లక్ష్యం మాత్రమే వేడెక్కుతుంది, పరిసరాలు సురక్షితంగా ఉంటాయి.

5.1. కాంతి రంగు:
ఎండలో నల్లబండ కాలినంతగా సున్నం వేసిన గోడ కాలదు. ఏ పదార్థం కాంతిని గ్రహిస్తే అదే వేడెక్కుతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ 577 నానోమీటర్ల దగ్గరి పసుపు కాంతిని బాగా గ్రహిస్తుంది. రంగుద్రవం ఆధారంగా పనిచేసే పల్స్‌డ్ డై లేజర్‌ను మొదట ఈ తరంగదైర్ఘ్యానికే రూపొందించారు. మరింత లోతుకు చేరడానికి తరువాత 585, 595 నానోమీటర్లకు మార్చారు.

5.2. కాంతి కాలం:
గిన్నెలోని పాలు తొందరగా చల్లారుతాయి, గుండిగలోని పాలు ఆలస్యంగా చల్లారుతాయి. రక్తనాళాలూ అంతే. ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు వెడల్పున్న నాళం సుమారు ఒక మిల్లీసెకండులో తన వేడిని చాలావరకు బయటికి వదులుతుంది. వెడల్పు రెట్టింపైతే ఆ కాలం నాలుగు రెట్లవుతుంది. లేజర్ స్పందన అంతకంటె ఎక్కువసేపు సాగితే వేడి చుట్టుపక్కల కణజాలానికి పాకి కాలుస్తుంది. మరీ క్లుప్తమైతే నాళం మూసుకుపోక, పగిలి ఊరుకొంటుంది. కాబట్టి నాళం వెడల్పును బట్టి స్పందన కాలాన్ని నిర్ణయించాలి.

ఈ రెండూ కుదిరినప్పుడు రక్తం వేడెక్కి, ఆ వేడి నాళపు గోడకు చేరి అది మూసుకుపోతుంది. దెబ్బతిన్న నాళాన్ని శరీరం క్రమంగా తొలగించుకొంటుంది. పల్స్‌డ్ డై లేజర్ పిల్లలలోనూ సురక్షితంగా పనిచేస్తుందన్న ఫలితాలు 1989లో ప్రముఖ వైద్యపత్రికలో వెలువడ్డాక ఈ పద్ధతి విస్తృతంగా ఆచరణలోకి వచ్చింది.

6. భారతీయుల చర్మం – ప్రత్యేక జాగ్రత్తలు:
హీమోగ్లోబిన్‌ను చేరడానికి ముందు కాంతి చర్మపు పైపొరను దాటాలి. ఆ పొరలోని మెలనిన్ కూడా అదే కాంతిని గ్రహిస్తుంది. అంటే నాళానికి అందవలసిన శక్తిలో కొంత దారిలోనే ఖర్చవుతుంది, ఆ ఖర్చు పైపొరను వేడెక్కిస్తుంది. చర్మవర్ణాన్ని ఆరు రకాలుగా విభజించే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానంలో భారతీయులు ఎక్కువగా నాలుగు, ఐదు రకాలకు చెందుతారు. తెల్లని చర్మానికి సరిపోయిన శక్తిస్థాయిని ఇక్కడ యథాతథంగా వాడితే బొబ్బలు, నల్లమచ్చలు, తెల్లమచ్చలు ఏర్పడే ప్రమాదం ఎక్కువ.

ఈ చిక్కుకు కనుగొన్న ప్రధాన ఉపాయం చల్లబరచడం. స్పందనకు కొన్ని పదుల మిల్లీసెకండ్ల ముందు అతిశీతల ద్రవాన్ని చర్మంపై చిమ్మితే పైపొర చల్లబడుతుంది. లోపలి నాళం మాత్రం వెచ్చగానే ఉండి కాంతికి లోబడుతుంది. దీనికి తోడు స్పందన కాలాన్ని పొడిగించడం, శక్తిని తగ్గించి ఎక్కువ విడతలలో చికిత్స చేయడం, మొదట చిన్న భాగంపై పరీక్షించి కొన్ని వారాలు వేచిచూడడం అవసరం. 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని మెలనిన్ మరింత ఎక్కువగా గ్రహిస్తుంది. 1064 నానోమీటర్ల లేజర్ లోతుకు వెళుతుంది, మెలనిన్‌ను అంతగా తాకదు. అయితే హీమోగ్లోబిన్ కూడా దానిని తక్కువగానే గ్రహించడం వల్ల ఎక్కువ శక్తి అవసరమై, పొరపాటు జరిగితే లోతైన గాయమవుతుంది.

లేజర్ అన్న పేరు ఒకటే అయినా యంత్రాలు వేరు. రోమాలు తొలగించేది, పచ్చబొట్టు చెరిపేది, రక్తనాళాలను మూసేది ఒకే అమరికతో పనిచేయవు. ఏ యంత్రం, ఎంత తరంగదైర్ఘ్యం, తమవంటి చర్మఛాయపై ఎంత అనుభవం అన్న ప్రశ్నలు అడగడం రోగి హక్కు.

7. చికిత్స – ఫలితాలు, పరిమితులు:
ఒక్కో స్పందన తాకినప్పుడు సాగదీసిన రబ్బరుబ్యాండు చర్మంపై కొట్టినట్లుంటుంది. పెద్దలకు తిమ్మిరెక్కించే పూత సరిపోతుంది. పిల్లలలో మచ్చ పెద్దదైతే పూర్తి మత్తు అవసరం కావచ్చు. ఆ మత్తు విషయంలో లాభనష్టాలను తల్లిదండ్రులు వైద్యులతో ముందే చర్చించాలి. కళ్లకు రక్షణకవచం తప్పనిసరి. చికిత్స జరిగిన చోట కమిలినట్లు ఏర్పడే ఊదారంగు సాధారణంగా వారం నుంచి రెండు వారాలలో తగ్గుతుంది. అది వికటించడం కాదు, నాళాలు దెబ్బతిన్నాయనడానికి గుర్తు. ఆ రోజులలో ఎండ తగలకుండా చూసుకోకపోతే నల్లమచ్చలు ఏర్పడతాయి.

విడతల మధ్య సాధారణంగా 4 నుంచి 8 వారాల వ్యవధి ఉంటుంది. పోర్ట్‌వైన్ మచ్చకు పది, అంతకు మించిన విడతలు పట్టడం అరుదు కాదు. నుదురు, మెడ వంటి చోట్ల ఫలితం మెరుగు. చెంప మధ్యభాగం, పైపెదవి, కాళ్లుచేతులపై తక్కువ. శైశవంలో చర్మం పలచగా, నాళాలు సన్నగా, మచ్చ చిన్నదిగా ఉంటాయి. అందువల్ల చికిత్సను తొందరగా మొదలుపెట్టడానికే నిపుణులు మొగ్గుచూపుతారు.

చాలామందిలో మచ్చ గణనీయంగా వెలుస్తుంది. పూర్తిగా పోయేది కొద్దిమందిలోనే. చికిత్స ముగిసిన పదేళ్ల తరువాత రోగులను మళ్లీ పరీక్షించిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. చికిత్స చివరి నాటి కంటె మచ్చలు కొంత ముదిరినా, చికిత్సకు ముందున్న స్థితి కంటె లేతగానే ఉన్నాయని అది చూపింది. నాళాల కణాలలో జన్యుమార్పు అలాగే ఉండడం ఇందుకొక వివరణ. ఖర్చును కూడా విడత లెక్కన కాక, మొత్తం విడతలకు, అవసరమైతే తరువాతి కాలపు విడతలకు కలిపి అంచనా వేసుకోవాలి. ముఖంపై పైకి తేలిన సన్ననాళాలు తరచుగా కొద్ది విడతలలోనే తగ్గుతాయి. ఎండ, రొజేషియా, పూతమందు వంటి మూలకారణం కొనసాగితే కొత్తవి మళ్లీ కనిపిస్తాయి.

8. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి.

• ‘పుట్టుమచ్చ’ అన్న ఒక్క పదం కింద వేరువేరు స్థితులు కలిసిపోయాయి. కొన్ని వాటంతటవే పోతాయి, కొన్నింటికి మందు కావాలి, కొన్నింటికి లేజర్ కావాలి. తెలుగులో వాటికి వేరువేరు పేర్లు స్థిరపడడం పరిభాషకే కాక ఆరోగ్యానికీ మేలు చేస్తుంది.
• పోర్ట్‌వైన్ మచ్చకు గ్రహణమూ, తీరని కోరికా కారణాలు కావు. తల్లిని నిందించడానికి ఆధారం లేదు.
• నుదుటిపై, పైకనురెప్పపై పోర్ట్‌వైన్ మచ్చతో పుట్టిన శిశువుకు అందానికి సంబంధించిన చర్చ కంటె ముందు కంటిపరీక్ష జరగాలి.
• లేజర్ విజయం యంత్రం పేరులో లేదు. కాంతి రంగు, కాలం, చల్లబరిచే విధానం రోగి చర్మఛాయకు తగినట్లు కుదరడంలో ఉంది.
• మచ్చను పూర్తిగా చెరిపివేస్తామన్న హామీ శాస్త్రసమ్మతం కాదు. లేతపరచడం, దళసరి కాకుండా అడ్డుకోవడం సాధ్యమైన లక్ష్యాలు.

నోటికి, కంటికి అడ్డు లేని చదునైన మచ్చను అలాగే ఉంచుకోవడం కూడా ఎదిగిన వ్యక్తి చేసుకోదగిన నిర్ణయమే. అయితే ఆ నిర్ణయం తెలిసి చేసుకొన్నదై ఉండాలి. పసిబిడ్డ విషయంలో పెద్దలు ముందుగా చేయవలసినది మచ్చకు కారణం ఎవరని వెతకడం కాదు, అది ఏ రకపు మచ్చో తొలినెలలోనే తెలుసుకోవడం.